కమ్మీ కింద మనిషి

మొదటిసారి దాలయ్య మాస్టారి షెడ్డుకు వెళ్ళిన రోజు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. విజయనగరంలో ఎప్పుడో మూతపడిన గోనెసంచుల గోదాము అది. లోపల పాత జనపనార వాసన, దాని మీద చెమట వాసన, ఆ రెంటినీ మించి చేపల వాసన. ఎదురుగా ముప్పైమంది పిల్లలు చేతుల మీద నడుస్తున్నారు.

మా భరణికి అప్పుడు ఆరేళ్ళు. నేను గరివిడిలో ఖనిజం నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. రోజంతా తూచడం, కరిగించడం, దశాంశాలు రాయడం. సాయంత్రం ఇంటికొస్తే నా కూతురు కిటికీ ఊచలకు మోకాళ్ళు తగిలించి తలకిందులుగా కనిపించేది. అరిచాను, రెండు దెబ్బలు వేశాను, కిటికీకి అట్టముక్కలు కట్టాను. చివరికి, ఎలాగూ వేలాడేదే కాబట్టి వేలాడటం తెలిసినవాళ్ళ దగ్గరే వేలాడటం మంచిదనిపించింది.

దాలయ్య నా కొంగు వైపు చూసి నవ్వాడు.

"రెండుసార్లు సబ్బెట్టి తోముకున్నానమ్మా. పోదు. పొద్దున్నే సేపల మీద కూకుని వస్తాను గదా," అన్నాడు.

అది నిజమే. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డు పల్లె ఆయనది. తెల్లవారకముందే ట్రాలీ ఆటోలో ఐసు పెట్టెలు, చేపల బుట్టలు ఎక్కించుకుని విజయనగరం బజారుకు చేరుస్తాడు. మధ్యాహ్నం పడుకుంటాడు. నాలుగింటికి షెడ్డు తాళం తీస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

ఆయన జిమ్నాస్టిక్స్ నేర్చుకున్నది తడి ఇసుక మీద. తండ్రి తెప్ప ఒడ్డుకు లాగుతుంటే ఈ కుర్రాడు తెప్ప అంచు మీంచి గాల్లో రెండు పల్టీలు కొట్టి దిగేవాడట. విహారానికి వచ్చిన ఒక డ్రిల్లు మాస్టారు చూసి బడిలో చేర్పించాడు. రాష్ట్ర పోటీల్లో మూడో స్థానం దాకా వెళ్ళాడు. ఇరవయ్యేళ్ళప్పుడు ఏదో ఊళ్ళో పోటీలో ఎత్తు కమ్మీ మీంచి జారాడు. కింద నిలబడి పట్టుకోవాల్సిన మనిషి టీ తాగడానికి వెళ్ళాడు. ఎడమ చీలమండ నాలుగు ముక్కలైంది. ఇప్పటికీ ఆ పాదం కొంచెం బయటికి తిరిగి ఉంటుంది.

"కమ్మీ కింద మనిషుండాల. నాకొచ్చిన ఇద్య అంతే," అనేవాడు.

నిజంగా అంతే. ఏ పిల్ల కమ్మీ ఎక్కినా ఆయన కింద ఉండేవాడు. ఫోను మోగితే తీసేవాడు కాదు. ఒకసారి షెడ్డు రేకుల మీంచి తేలు పడి భుజం మీద పాకుతుంటే, పైన ఉన్న పిల్ల దిగేదాకా కదలలేదు. తర్వాత తీరిగ్గా దులుపుకున్నాడు.

పరుపులు కూడా తనే కుట్టుకున్నాడు. గోనెసంచుల్లో కొబ్బరిపీచు, పాత బస్సు సీట్ల స్పాంజి కూరి, పైన పాత వల తొడిగి, వలలు బాగుచేసే చెక్క సూదితో అడుగడుక్కీ ముడి వేసేవాడు. లోపలి సరుకు ఒక పక్కకు జరగకూడదని ఆ వల. నేను ఒకరోజు పరుపును వేలితో నాలుగుచోట్ల నొక్కి చూశాను. అన్నిచోట్లా ఒకేలా దిగింది. మా ల్యాబ్‌లో కొన్ని యంత్రాలు కూడా అంత నిలకడగా ఉండవు. కొంగు ముక్కు మీంచి తీశాను.

ఇక్కడ ఒక మాట సంగతి చెప్పాలి. మా వైపు 'ఒగ్గీ' అంటే వదిలెయ్యి అని. చేతిలోది వదలడానికీ అదే మాట, మొదలుపెట్టిన పని మానుకోవడానికీ అదే మాట. కమ్మీ మీద ఊగే పిల్ల ఏ క్షణంలో చేతులు వదిలితే గాల్లో తిరిగి సరిగ్గా కాళ్ళ మీద దిగుతుందో, ఆ క్షణంలో దాలయ్య కింద నుంచి "ఒగ్గీ!" అనేవాడు. పిల్లలు ఆలోచించేవాళ్ళు కాదు. ఆ మాట చెవిలో పడగానే వాళ్ళ వేళ్ళు విడిపోయేవి. అలా తయారుచేశాడు. అందరిలోకీ గౌరి చేతులు మరీ చురుకు. పదకొండేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ బుల్లమ్మ దాలయ్య ఊరే, నెత్తిన తట్ట పెట్టుకుని చేపలమ్ముతుంది.

నిరుడు అక్టోబరులో ఉత్తరాంధ్ర జిల్లాలన్నిటికీ కలిపి క్రీడోత్సవం పెట్టారు. కబడ్డీ, ఖోఖో, పరుగులు మైదానంలో అయ్యాయి. జిమ్నాస్టిక్స్ ఆఖరి రోజు, ఊరి చివర ఒక కాలేజీ హాల్లో. గౌరి పోటీలో ఉంది. భరణి లాంటి చిన్నపిల్లలు ప్రారంభంలో పిరమిడ్ కట్టి చూపించాలి.

ఉదయం ఏడున్నరకు చేరాం. ముందు రోజంతా వాన. దాలయ్య చెప్పులు విడిచి, కమ్మీల కింద పరిచిన రెండు దళసరి నీలం పరుపుల మీద మడమలతో తొక్కుతూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. అవి క్రీడా సంఘంవాళ్ళవి. జానెడు మందం.

"బాగున్నాయి," అన్నాడు.

తర్వాత చేతులకు రాసుకునే పొడి ఉన్న పళ్ళెం దగ్గరికెళ్ళి, చిటికెడు తీసి నాకు చూపించాడు. "ఇదేటమ్మా, సూడండి. మీరు సదువుకున్నోలు."

వేళ్ళ మధ్య రుద్దాను. సబ్బులా జారింది. ముగ్గుపిండి. చేయి జారకుండా రాసుకోవాల్సిన పొడికి బదులు చేయి జారే పొడి పెట్టారు. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. తెల్లగా ఉంది కదా అనుకున్నారు. దాలయ్య పళ్ళెం తీసుకెళ్ళి బయట పారబోసి, తన రేకు డబ్బాలోని సిసలైన పొడి పోశాడు.

అప్పుడు సంఘం కార్యదర్శి ధనరాజు వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో మూడు రంగుల రిబ్బను, చేతిలో వైర్‌లెస్ మైకు. కోచ్‌లందరూ మైదానంలో కవాతుకు రావాలన్నాడు. దాలయ్య పరుపుల వైపు ఒకసారి చూసి వెళ్ళాడు.

ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి ఇచ్చిన గది విరిగిన బెంచీలు పడేసే గది. తలుపుకు గొళ్ళెం లేదు. ఒక మూల ఉచ్చ వాసన. నేనూ బుల్లమ్మా తలుపుకు వీపు ఆనించి కాపలా నిలబడ్డాం. బిగుతు దుస్తుల్లో బయటికి వచ్చిన పిల్లలను ఎవడో ఒకడు ఫోన్లో తీస్తున్నాడు. మెడలో వాలంటీరు కార్డు. బుల్లమ్మ వాడి ముందుకెళ్ళి నిలబడింది.

"ఏటి తీస్తన్నావు?"

"పోటీలు కవర్ చేస్తున్నానమ్మా."

"పోటీలు లోపలుంటే గది కాడ ఏటి కవరు? నన్ను తియ్యి. తట్టెత్తుకుంటాను, బాగొస్తాది. తియ్యరా!"

వాడు ఫోను జేబులో పెట్టుకుని పోయాడు. బుల్లమ్మ వెనకే ఊసింది. నేనైతే ఆ మాట అనగలిగేదాన్ని కాదు.

తొమ్మిదిన్నరకు భరణి బాత్‌రూమ్ అంది. అది ఆవరణకు ఆ పక్కన. తిరిగి వచ్చేటప్పుడు చూస్తే గేటు నుంచి హాలు మెట్ల దాకా బురదలో నీలం పరుపులు పరిచి ఉన్నాయి. ముఖ్య అతిథి కారు దిగి బురద అంటకుండా నడిచి రావాలి కదా. ఇద్దరు వాలంటీర్లు వాటి మీద ఎర్ర గుడ్డ పరుస్తున్నారు. భరణిని చంకనేసుకుని నేనూ ఆ పరుపుల మీంచే నడిచాను. చెప్పులు పాడవలేదని సంతోషించాను కూడా. అడుగు వేస్తే పక్క నుంచి నల్లటి నీళ్ళు కక్కాయి. ఇవి ఎక్కడివి అన్న ప్రశ్న నాకు రాలేదు. రోజూ నమూనా ఎక్కడి నుంచి వచ్చిందో రాయనిదే సీసా ముట్టుకోని మనిషిని.

పదింటికి రావాల్సిన ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చాడు. అప్పటిదాకా పిల్లలు చల్లటి సిమెంటు నేల మీద వరసగా కూర్చున్నారు. కడుపు బరువెక్కకూడదని పొద్దున ఒక్కో అరటిపండు తిని వచ్చినవాళ్ళు. పక్క గదిలోంచి పెద్దల కోసం తయారైన బిర్యానీ ఘుమఘుమ. ఒక చిన్నపిల్ల ఆ వాసనకు ఓకరించింది. ధనరాజు మైకులో, "క్రమశిక్షణ, క్రమశిక్షణ," అన్నాడు.

కవాతు అయ్యాక దాలయ్యను చాలాసేపు బయటే నిలబెట్టారు. వెనక తలుపులోంచి హాల్లోకి వచ్చేసరికి కమ్మీల కింద పచ్చ తివాచీ పరిచి ఉంది. చుట్టూ అంచులకు అతిథుల బొమ్మలున్న ఫ్లెక్సీ కట్టారు. కింద ఏముందో కనిపించదు. ఆయన అటు నడిచాడు. అంతలో బయట డప్పులు మోగాయి. అందరూ లేచి నిలబడ్డారు.

"పరుపులు ఉన్నాయి గదా బాబూ కింద?" అని అడిగాడు దాలయ్య.

"అన్నీ ఉన్నాయి. ముందు నువ్వు తాడు వెనక్కి రా. అక్కడ నిలబడితే వీడియోలో పిల్ల కనపడదు," అన్నాడు ధనరాజు.

"కమ్మీ కింద మనిషుండొచ్చు బాబూ. రూలే."

"రూలు నాకు చెప్తావా? ఐదు నిమిషాలు. అతిథిగారు ముందు వరసలో కూర్చుంటారు." ఆ తర్వాత గొంతు తగ్గించాడు గానీ, అందరికీ వినపడేంతే తగ్గించాడు. "పైగా నీ కంపొకటి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దాలయ్య తన చొక్కా వైపు చూసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా. ఆ రోజు చేపల లోడు కూడా వేయలేదాయన. మెడ వంచి తాడు వెనక్కి వచ్చాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక పిల్ల పైన ఉండగా ఆయన కింద లేడు.

గౌరి కమ్మీ పట్టుకుంది. చిన్న కమ్మీ మీద రెండు చుట్లు, అక్కడి నుంచి ఎత్తు కమ్మీకి. చేతులు చాచి, కాళ్ళు బిగించి, ఊగడం మొదలుపెట్టింది. ముందుకీ వెనక్కీ, ప్రతిసారీ ఇంకొంచెం ఎత్తుకు. ఒక ఫొటోగ్రాఫరు మంచి కోణం కోసం తివాచీ మీదికి ఎక్కాడు.

దాలయ్య చూసింది గౌరిని కాదు, వాడి బూట్లను. లావుపాటి మనిషి. వాడి కాళ్ళు తివాచీలో దిగలేదు. జానెడు మందం పరుపు మీద నిలబడితే మనిషి చీలమండల దాకా దిగాలి. వాడు గచ్చు మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఏ ఇసుక మెత్తనో ఏది గట్టిదో దూరం నుంచే చెప్పగల కళ్ళు ఆయనవి. పరుపులు లేవని తెలిసిపోయింది. పిల్లను ఆపాలి. ఆపమనడానికి ఆయనకు పుట్టుకతో వచ్చిన మాట ఒక్కటే.

"ఒగ్గీ! గౌరీ, ఒగ్గీ!"

మానెయ్యమని ఆయన అన్నాడు. గౌరి వేళ్ళు విడిపోయాయి.

వెనక్కి ఊగుతున్న పిల్ల. ముఖం నేల వైపు, కాళ్ళు పైకి. మాట నోట్లోంచి వస్తుండగానే దాలయ్య తాడు కింద నుంచి దూరాడు. ఆ వంకర పాదంతో అంత దూరం ఎలా దూకాడో తెలియదు. గౌరిని భుజం మీద, ఛాతీ మీద తీసుకుని ఆమె కిందుగా పడ్డాడు. ఎండిన కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన మెడ కింద ఎముక. గౌరికి పెదవి చిట్లింది, మోచేయి గీరుకుంది. అంతే.

ముఖ్య అతిథి చప్పట్లు కొట్టాడు. అది విన్యాసంలో భాగమనుకున్నాడు. ఆయన కొట్టాడు కాబట్టి ముందు వరస మొత్తం కొట్టింది. బుల్లమ్మ ఆ చప్పట్ల మధ్యలోంచి కూతురి దగ్గరికి పరిగెత్తింది. ధనరాజు మైకులో, భోజన విరామం అని ప్రకటించాడు.

తివాచీ ఒక అంచు లేచి ఉంది. కింద పల్చటి యోగా చాపలు, రెండు మడతలు.

ప్రథమ చికిత్స అని రాసిన తరగతి గదిలో దాలయ్యను బెంచీ మీద కూర్చోబెట్టి, కుడిచేతిని తువ్వాలుతో కట్టారు. అంబులెన్సు అతిథుల కారు వెనక ఇరుక్కుంది. ధనరాజు కాగితం పట్టుకుని వచ్చాడు. వెంట పోటీ నిర్ణేత త్రినాథ్. అసలు వాలీబాల్ మనిషి. దయగల ముఖమే, దాన్ని నేల వైపు తిప్పుకుని నిలబడ్డాడు.

"దాలయ్యా, ఒగ్గీ అని అరిచింది నువ్వే కదా?"

"నానేనండి."

"పిల్ల ఒగ్గేసింది కదా?"

"ఒగ్గీసిందండి. నాదే తప్పు. ఆ మాట నాననకపోతే..."

"అంతే. అదే రాశాను." చదివి వినిపించాడు: "చేతులు వదలమని శిక్షకుడే బిగ్గరగా ఆదేశించినందున ప్రమాదం జరిగినది."

"నాను సెప్పింది అది గాదు బాబూ. ఆపీమని..."

"ఒగ్గీ అనలేదా?"

"అన్నాను."

"మరింకేటి?"

నేను ఆగలేకపోయాను. "పరుపులు బయట బురదలో పరిచారు. కింద ఏమీ లేకుండా పిల్లను ఎక్కించారు. అది రాయండి," అన్నాను.

ధనరాజు నా వైపు తిరిగాడు. కోపం లేదు. చిరునవ్వు. "అవునమ్మా. మీరూ వాటి మీంచే నడిచారు కదా, పాపనెత్తుకుని. నేను మెట్ల మీదే ఉన్నాను. అప్పుడు చెప్పలేకపోయారా?"

ఆ మనిషి పళ్ళ సందులో కొత్తిమీర ఆకు ఇరుక్కుని ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఇప్పటికీ కొత్తిమీర తరుగుతుంటే ఆ గది గుర్తొస్తుంది.

దాలయ్య ఎడమచేతి బొటనవేలు పట్టుకుని స్టాంపు సిరాలో అద్దారు.

"నాకు సంతకం వచ్చునండి," అన్నాడు.

"ఏ చేత్తో పెడతావు?" అని వేలిని కాగితం మీద నొక్కాడు ధనరాజు. త్రినాథ్ సాక్షిగా సంతకం పెట్టి బయటికెళ్ళిపోయాడు.

మర్నాడు ల్యాబ్‌లో పాత నమూనా కాగితం వెనక లెక్క వేశాను. ఆ ఎత్తు నుంచి పడే పిల్ల నేలను తాకేటప్పటి వేగం సెకనుకు ఏడు మీటర్లు. జానెడు పరుపు ఆమెను మెల్లగా ఆపితే ఒంటి మీద పడే దెబ్బ ఆమె బరువుకు సుమారు పదహారు రెట్లు. రెండు యోగా చాపలు ఆపితే వంద రెట్లు. పదో తరగతి లెక్క. ఆ హాల్లో లెక్కల టీచర్లు, సైన్సు టీచర్లు ఎంతమంది! నేను కూడా. నా మీద నాకే రోత పుట్టింది.

వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఏడాదిపాటు ఏ పోటీలోనూ దాలయ్య శిక్షకుడిగా కమ్మీల దగ్గర నిలబడరాదు. అదే రోజు సంఘం వాట్సాప్ గుంపులో ఫొటోల ఆల్బం పెట్టారు. మొదటి ఫొటోలో ముఖ్య అతిథి చేయి ఊపుతూ ఎర్ర గుడ్డ మీద నడుస్తున్నాడు. గుడ్డ కింద నీలం అంచు. దాని కింద లైకులు, దండాల బొమ్మలు. ఆ ఫొటోకు నా వివరణ జతచేసి మూడు కార్యాలయాలకు పంపాను. ఒకచోట నుంచి 'అందింది' అని వచ్చింది. అంతే.

షెడ్డు మూతపడుతుందనుకున్నాను. రెండు వారాలకే దాలయ్య మెడలో చేతికట్టుతో వచ్చి తాళం తీశాడు. చేపల ఆటోను బుల్లమ్మ తమ్ముడు నడుపుతున్నాడు. పిల్లలను కూర్చోబెట్టాడు.

"ఇయ్యాల్టి నుంచి రెండు మాటలు. సెయ్యి ఒగ్గాలంటే 'ఒగ్గీ' అంటాను. పని ఆపాలంటే 'నిలు' అంటాను. ఏటి?"

"నిలు!" అన్నారు పిల్లలు.

"సార్, మా అమ్మ టీవీ ఒగ్గీమంటాది. అప్పుడేటి, టీవీని కింద పడీయాలా?" అంది గౌరి. పెదవి మీద కుట్టు మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

అందరూ విరగబడి నవ్వారు. దాలయ్య నవ్వబోయి నొప్పికి పళ్ళు బిగించాడు. "ఒలే, నీ పెదవి కుట్టినోడు రొండు కుట్లు ఎక్కువేసుండాల్సింది," అన్నాడు.

కానీ కమ్మీ ఎక్కాక గౌరి వదల్లేదు. ఊగింది, ఊగింది. ఆయన "ఒగ్గీ" అన్నాడు. వేళ్ళు విడవలేదు. ఊపు తగ్గి, వేలాడుతూ ఉండిపోయింది. ఆయన ఎడమ చెయ్యి ఆమె నడుముకు ఆనించి దింపాడు. నెలంతా అదే. ఒక సాయంత్రం ఆయన నాతో అన్నాడు, "పడ్డం భయం గాదమ్మా దానికి. నా మాటంటే భయం. నాను లేని కాడ ఇది ఎప్పటికీ ఎక్కదు. నన్నేమో నిలబడొద్దన్నారు."

డిసెంబరులో సంఘం నుంచి ఇంకో ఉత్తరం. శృంగవరపుకోటలో జిల్లా ఎంపికలు జరుగుతాయి. 'సంఘమునకు చెందిన రెండు పరుపులు నీటివలన చెడిపోయినందున, మీ పరుపులు ఒక్కరోజు ఇచ్చి సహకరించగోరుతున్నాము.' కింద ధనరాజు సంతకం.

రెండుసార్లు చదివాను. "నీటివలన అని వాళ్ళే రాశారు! వాళ్ళ చేత్తో వాళ్ళే! ఇది సాక్ష్యం. పరుపులు ఇవ్వకండి. సిగ్గుండాలి అడగడానికి," అన్నాను.

"సాచ్చికం మీరు దాసుకోండమ్మా. పరుపులెల్లాల. పడీది ఆల్లు గాదు గదా, పిల్లగుంటలు."

ఆయన మీద కూడా నాకు కోపం వచ్చింది. మూడు రోజులు కూర్చుని, కుడిచెయ్యి సరిగ్గా లేవకపోయినా, చెక్క సూదితో వల ముడులన్నీ బిగించాడు. ట్రాలీ ఆటోలో పరుపులు ఎక్కించుకుని తనే శృంగవరపుకోట తెచ్చాడు. కమ్మీల కింద పరిచాడు. మడమలతో తొక్కి చూశాడు. తర్వాత ఎత్తు కమ్మీకి సరిగ్గా పక్కన, పరుపు అంచు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

పదకొండింటికి ధనరాజు మైకుతో వచ్చాడు. వెనక కొత్త అతిథి, పూలదండలు, కెమెరాలు.

"దాలయ్యా! నువ్విక్కడ నిలబడకూడదు. ఉత్తర్వు ఉంది."

"నిలబడనేదు బాబూ. కూకున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. త్రినాథ్ తన కాగితాల్లోకి తల దూర్చాడు.

"వేళాకోళమా? ఇది శిక్షకుడు ఉండాల్సిన చోటు."

"నాను శిచ్చకున్ని గాదు. పరుపు నాది. పరుపుతో వచ్చాను."

"సరే, పరుపు ఒక పది నిమిషాలు ఒగ్గు. జ్యోతి వెలిగించేటప్పుడు స్టేజి ముందు వేస్తాం. గచ్చు చల్లగా ఉందట, అతిథిగారికి మోకాళ్ళ నొప్పి. తర్వాత తెచ్చేస్తాం."

నేను ఆ హాల్లో అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నాను. రేపు భరణిని ఏ పోటీకీ రానివ్వరేమో అన్న భయం ఉంది. అయినా చెప్పులు విడిచి వెళ్ళి పరుపు రెండో మూల కూర్చున్నాను. బుల్లమ్మ వచ్చి మూడో మూల కూర్చుని, తమలపాకు నమలడం మొదలుపెట్టింది. నాలుగో మూల భరణి కూర్చుంది, తనకేదో ఆట అనుకుని.

ఇద్దరు వాలంటీర్లు వచ్చి అంచు పట్టుకున్నారు. దాలయ్య ఎడమచేతి వేళ్ళు వల కళ్ళలోకి దూర్చి పిడికిలి బిగించాడు.

"ఒగ్గను," అన్నాడు.

పెద్ద గొంతు కూడా కాదు. వాలంటీర్లు ధనరాజు వైపు చూశారు. ధనరాజు కెమెరాల వైపు చూశాడు. అవి రికార్డు చేస్తూనే ఉన్నాయి. ఆయన మైకు నోటి దగ్గర పెట్టుకుని, కార్యక్రమంలో చిన్న మార్పు, ముందు ఆటలు, తర్వాత జ్యోతి ప్రజ్వలన అన్నాడు. అదేదో తన ఆలోచన అయినట్టు.

మేం ముగ్గురం లేచి గోడ దగ్గరికి వచ్చాం. దాలయ్య లేవలేదు. గౌరి చేతులకు పొడి రాసుకుంది. ఎత్తు కమ్మీ అందుకుని ఊగడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు ఊపులు. దాలయ్య తల ఎత్తి చూస్తున్నాడు, నోరు మెదపలేదు. నాలుగో ఊపులో, ముందుకు లేచిన ఎత్తులో, ఎవరూ ఏమీ అనకుండానే గౌరి వదిలేసింది. గాల్లో ఒక్క చుట్టు తిరిగి, ఆయనకు మూరెడు దూరంలో, చీలమండల దాకా పరుపులో దిగింది.

పరుపులోంచి గాలి బుస్సుమని బయటికొచ్చింది. దానితోపాటు పాత వల వాసన, చేపల వాసన. ముందు వరసలో అతిథి జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.